గుర్రాల ఇంటికి వచ్చినవాళ్ళు

జూన్ 3, సోమవారం

ఈ రోజు కూడా ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్ళారు. నీలం చారలది. గడ్డం గీసుకుని, తల దువ్వుకుని, పది కొట్టకముందే గుమ్మం దిగారు.

ముప్పై అయిదేళ్ళు ఊళ్ళో ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివిన మనిషి. నేను కాపురానికొచ్చాక ఒక్కరోజయినా గుండీలు వరసగా పెట్టుకుని వెళ్ళింది లేదు. గేటు దగ్గర నేను ఆపి, విప్పి, మళ్ళీ పెట్టేదాన్ని. రిటైరై నాలుగు నెలలైంది. ఇప్పుడు గుండీలు వాటంతటవే వరసలోకి వస్తున్నాయి.

లైబ్రరీవాళ్ళు ఊళ్ళో పాత ఇళ్ళ గురించి పుస్తకం వేస్తారట. ఒక్కో ఇంటి చరిత్ర ఒక్కొక్కరికి అప్పజెప్పారు. ఈయనే అడిగి మరీ గుర్రాల ఇల్లు తీసుకున్నారు. ఆ ఇంట్లో ఒక రిటైర్డు నర్సు ఒంటరిగా ఉంటుంది.

స్కూలు యూనిఫారాల కొలతలు రాసుకునే పుస్తకంలో, వెనకవైపు నుంచి రాస్తున్నాను. నా కుట్టు కొట్టులో ఆయన ఏ వస్తువైనా ముట్టుకుంటారు గానీ ఈ పుస్తకం ముట్టరు.

జూన్ 4

భోజనం దగ్గర ఆ ఇంటి కథ చెప్పారు. నేను అడగలేదు.

నూటపదేళ్ళ కిందట ఒక గుర్రాల వ్యాపారి కట్టించాడట. అతనికి ఇద్దరు భార్యలు. ఒకరు దాటిన గడప ఇంకొకరు దాటనన్నారట. అందుకని వీధిలోకి రెండు తలుపులు పెట్టించాడు, అంగుళం తేడా లేకుండా. వడ్రంగి ఒక తలుపుకి ఇత్తడి గుబ్బ ఒకటి ఎక్కువ కొట్టాడని చిన్నామె మూడు రోజులు అలిగిందట. ఆయన నవ్వుతూ చెప్పారు. నాకు నవ్వు రాలేదు. గుబ్బ గురించి అలగలేదు ఆమె. మగాళ్ళకి అది నూటపదేళ్ళయినా అర్థం కాదు.

తర్వాత ఆ ఇల్లు ఒక ప్లీడరు కొన్నాడు. ఒక తలుపు ఇటుకలతో మూయించేశాడు, క్లయింట్లు ఏ తలుపు కొట్టాలో తెలియక తికమక పడుతున్నారని. ప్లీడరు కొడుకుల దగ్గర ఒక కలప వ్యాపారి కొన్నాడు. పిల్లల్లేరు. అతని భార్య పోతూ పోతూ అక్క కూతురికి రాసిపోయింది. ఆ కూతురే నర్సు.

"కలప వ్యాపారి ఎలాంటివాడట?" అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"ఇంకా తెలీదు," అని చెయ్యి కడుక్కోవడానికి లేచారు. పళ్ళెంలో సగం అలాగే ఉంది.

జూన్ 7

వదిన వచ్చింది, పరదాల గుడ్డ కొలిపించుకోవడానికి. మా అన్నయ్య భార్య కాబట్టి ఆమెకి నా ఇంట్లో కాళ్ళు చాపుకునే హక్కుంది.

"ఆ నర్సుకి డెబ్భై ఏళ్ళే అమ్మాయీ. నువ్వేమిటి, కొత్త పెళ్ళికూతురిలా?"

"నాకేం? ఇంట్లో అడ్డం లేకుండా పోయారని హాయిగా ఉంది," అన్నాను.

"మరి ఆ సూది అరగంటనుంచి ఒకే చోట ఎందుకు పొడుస్తున్నావు?"

డెబ్భై కాదు. అరవై తొమ్మిది. కనుక్కున్నాను.

జూన్ 12

బజారులో చూశాను ఆవిడని. నాకంటే పదిహేనేళ్ళు పెద్దది. వెన్ను మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంది. తెల్లటి బట్టలు, ఒక్క ముడత లేదు. కళ్ళద్దాలు మెడలో తాడుకి వేలాడుతున్నాయి. మందుల షాపువాడితో మాట్లాడుతూ వాడి ముంజేయి మీద చెయ్యి వేసింది. నర్సులకది అలవాటే అనుకుంటా. అలవాటైతే అందరి మీదా వేస్తుంది.

నాకు అసూయ కాదు. ముప్పై రెండేళ్ళ కాపురంలో ఈయన నాతో ఏ విషయమైనా వరసగా అయిదు నిమిషాలు మాట్లాడి ఉంటారా? అక్కడ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏం మాట్లాడతారో తెలుసుకోవాలని, అంతే.

జూన్ 13

ఆవిడ పరదాల గుడ్డ పంపింది, ఈయన చేతికే ఇచ్చి. నాలుగు కిటికీలు. కొలతలు ఈయన రాసుకొచ్చారు, ముత్యాల్లాంటి అక్షరాలతో. నేను సరుకుల జాబితా రాయమంటే కోడి గెలికినట్టు రాస్తారు.

జూన్ 17, సోమవారం

పరదాలు నాలుగు వేళ్ళు పొట్టిగా కత్తిరించాను. తప్పు జరగలేదు. కొలత తెలిసే కత్తిరించాను. ముప్పై ఏళ్ళ పనిలో ఇలా చేయడం ఇదే మొదటిసారి. అంచులు మాత్రం ఎప్పటిలాగే చక్కగా మడిచి కుట్టాను.

జూన్ 18

"పరదాలు బావున్నాయందావిడ. కింద కాస్త ఖాళీ ఉంచడం మంచిదైందట, గాలి వస్తుందట. నీ పనితనం గొప్పదంది."

ఆ మాట వినగానే కత్తెర తీసుకుని మళ్ళీ ఏదైనా కత్తిరించాలనిపించింది.

జూన్ 20, గురువారం

ఆయన స్నానానికి వెళ్ళినప్పుడు సంచిలోంచి నోటుబుక్కు తీశాను. తియ్యకూడదు. తీశాను.

ముందంతా ఇంటి సంగతులే. గుర్రాల కొట్టం పొడవు వెడల్పు, ప్లీడరు పుస్తకాల బీరువా, తలుపు మూసిన ఇటుకల వరసలు. అదంతా లైబ్రరీ కోసం. ఆఖరి పేజీల్లో వేరే ఉంది. కనబడ్డ ముక్క ఇక్కడ దించుకుంటున్నాను, రేపు నాకే అబద్ధమనిపించకుండా:

"వెనక గది. ఆమె పడుకునేది ఇక్కడే. కిటికీ చిన్నది, చేతిరుమాలంత ఆకాశం. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. ఈ గదిలో కూర్చుంటే లేవాలనిపించదు. ఇన్నేళ్ళు దగ్గర్లోనే తిరిగాను, రాలేకపోయాను."

ఆమె.

ఇన్నేళ్ళు.

జూన్ 21

కొట్టు తెరవలేదు. తలనొప్పి అన్నాను. ఆయన మాత్రలు కొనుక్కొచ్చి బల్ల మీద పెట్టి వెళ్ళారు. అక్కడికే.

జూన్ 24, సోమవారం

వెళ్ళాను.

పొద్దున ఆయన్ని పెన్షను కాగితం పని మీద ఆఫీసుకి పంపి, నేను గుర్రాల ఇంటికి వెళ్ళాను. పరదాల కుట్లు చూడాలన్న వంక. ఆవిడ ఎంత సంబరపడిందో. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి టీ తెచ్చింది. పెద్ద హాలు, నేల మీద నల్లా తెల్లా పలకలు, కప్పు ఎత్తుగా ఉండడం వల్ల మాట చివర కొంచెం మోగుతుంది. నా పొట్టి పరదాలు కిటికీలకి వేలాడుతున్నాయి. మూల ఒక రేకు పెట్టె, దాని నిండా పాత కాగితాలు, ఫొటోలు.

"మీవారు మహా ఓపికమంతులు. ఈ పెట్టె వచ్చే వారం మొదలెడదామన్నారు. మా పిన్నివాళ్ళ కాలానివి అన్నీ ఇందులోనే ఉన్నాయి," అంది.

వచ్చే వారం. ఇంకా వారాలు ఉన్నాయన్నమాట.

ఆ తర్వాత నా నోటినుంచి వచ్చింది నేను ముందుగా అనుకుని వెళ్ళింది కాదు. దేవుడి మీద ఒట్టు, కాదు. లేకపోతే అనుకునే వెళ్ళానేమో.

"అమ్మా, మీరు ఒంటరివారు. చెప్పకుండా ఉండలేక వచ్చాను. మా ఆయన ఒక బిల్డరుతో తిరుగుతున్నారు. మీ ఇంటి కాగితాల్లో లొసుగు ఎక్కడుందా అని వెతుకుతున్నారు. చరిత్ర అంటూ వస్తున్నది అందుకే."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "అంత పెద్దమనిషి తరహా..."

"నేను భార్యని. నాకు తెలీదా? నా పేరు మాత్రం బయటికి రానివ్వకండి."

ఆవిడ లేచి నా ముంజేయి మీద చెయ్యి వేసింది. "నీకెంత కష్టమమ్మా," అంది. ఆ చెయ్యి చల్లగా ఉంది. భయపడిన మనిషి చెయ్యి.

జూన్ 25

పదింటికి వెళ్ళినవారు పదిన్నరకి వచ్చేశారు. తలుపు తియ్యలేదట. కిటికీలోంచి, ఇక రావద్దని చెప్పిందట.

"ఎందుకట?" అన్నాను.

"చెప్పలేదు. నా మొహం చూడకుండా మాట్లాడింది."

కొత్త చొక్కా ముక్క ఒకటి తీసి ఆయన భుజాల కొలత తీసుకున్నాను. ఆయన బొమ్మలా నిలబడ్డారు. నాకు చాలా రోజుల తర్వాత ఆకలేసింది.

జూన్ 26

ఇంట్లోనే ఉన్నారు.

జూన్ 27

ఇంట్లోనే ఉన్నారు. గడ్డం గీసుకోలేదు.

జూన్ 29

ఇంట్లోనే ఉన్నారు. నేను కోరుకున్నది ఇదే కదా.

జులై 1, సోమవారం

రాయాలి. 

మధ్యాహ్నం కంచం ముందు కూర్చుని మెతుకు ముట్టకుండా లేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆవిడ మొహం చూడకపోతే ముద్ద దిగడం లేదా?"

ఆయన నా వంక చూశారు. కోపం లేదు. అసలు అర్థమే కాలేదు. అర్థమయ్యాక నవ్వబోయారు, అదీ కుదరలేదు. మళ్ళీ కూర్చున్నారు.

"మా అమ్మ ఆ ఇంట్లో పని చేసింది," అన్నారు.

మా అత్తగారు ఇస్త్రీ పని చేసి ఈయన్ని పెంచిందని తెలుసు. మామగారు రోడ్డు వేసే పనికి దూరం వెళ్ళి తిరిగి రాలేదని తెలుసు. మా పెళ్ళయిన మూడేళ్ళకి ఆమె పోయింది. ఆమె పని చేసిన ఇల్లు ఇదేనని నాకెవరూ చెప్పలేదు. నేనూ అడగలేదు.

"కలప వ్యాపారి హయాంలో రెండేళ్ళు అక్కడే ఉంది, వెనక గదిలో. నేను కడుపులో ఉండగా పంపేశారు. నన్ను వేరే ఊళ్ళో కని, అయిదేళ్ళకి మళ్ళీ ఈ ఊరే వచ్చింది. ఎందుకు పంపారని అడిగితే చెప్పేది కాదు. మీ నాన్న రోడ్డు పనికి పోయి రాలేదురా అనేది, అంతే. వీధిలో ఇంకోటి చెప్పేవాళ్ళు. నేను ఆ కలప వ్యాపారి కొడుకునని. స్కూల్లో మొహం మీదే అనేవాళ్ళు."

"నాకెప్పుడూ చెప్పలేదే."

"ఏమని చెప్పను? అమ్మ ఒకటి చెప్పింది, వీధి ఒకటి చెప్పింది. ఏది నిజమో తెలీకుండా నీకేం చెప్పను? ముప్పై అయిదేళ్ళు నెలనెలా ఆ ఇంటి మీటరు చదివాను. వరండాలో నిలబడి అంకెలు రాసుకుని వచ్చేసేవాణ్ణి. లోపలికి రమ్మన్నవాళ్ళు లేరు. ఈ పుస్తకం పుణ్యమా అని గడప దాటాను. ఆ పెట్టెలో అతని ఫొటో ఉంటుంది. ఒకసారి చూస్తే చాలు అనుకున్నా. నా మొహం అందులో ఉందో లేదో."

"ఆవిడకి చెప్పారా?"

"లేదు. నోరు రాలేదు. పెట్టె తెరిచాక చెబుదామనుకున్నా."

ఆమె అంటే అత్తగారు. వెనక గదిలో ఆకాశం అత్తగారిది.

నేను అప్పుడే చెప్పాల్సింది. పళ్ళెం తీసి కడగడానికి వెళ్ళాను.

జులై 2, మంగళవారం

గుర్రాల ఇంటికి పరిగెత్తినట్టే వెళ్ళాను. ఆవిడ గొలుసు పెట్టి, తలుపు సందులోంచి చూసింది. గుమ్మంలోనే నిలబడి చెప్పాను, మొత్తం. బిల్డరు లేడు, లొసుగు లేదు, నా కళ్ళు కుట్టి అన్నాను అని. ఆయన ఎవరి కొడుకో కూడా చెప్పాను.

ఆవిడ గొలుసు తీసింది. తీసి, అక్కడే గోడకి ఆనుకుని నిలబడిపోయింది.

"ఆ ఇస్త్రీ అక్క కొడుకా?"

నన్ను లోపలికి రమ్మనలేదు. నేనే వెళ్ళాను. ఆవిడ చెప్పింది ఇది.

వాళ్ళ పిన్నికి పిల్లల్లేరు. ఇంట్లో పనిచేసే అమ్మాయి మొగుడు ఊళ్ళో లేడు, ఆ అమ్మాయికి నెల తప్పింది. మొగుడు అంతకు రెండు నెలల ముందే వచ్చి వారం ఉండి వెళ్ళాడు, ఆ సంగతి పిన్నికి తెలుసు. తెలిసినా తన భర్త మీదే అనుమానం. ఆ అమ్మాయి కడుపు కనబడే కొద్దీ పిన్నికి నిద్ర పట్టేది కాదట. ఒకరోజు నలుగురి ముందూ నానా మాటలూ అని గెంటేసింది. వీధిలో ఆ మాట పుట్టింది ఆ రోజే.

"మూడు నెలలకి అతను వచ్చాడు. మొగుడు. భార్య కోసం వెతుక్కుంటూ. ఆ ఏడంతా నేనిక్కడే ఉండి చదువుకున్నా, నాకు ఎనిమిదేళ్ళు. గేటు దగ్గర నిలబడి అడిగాడు. పిన్ని వరండా దిగకుండానే, ఎవడితోనో లేచిపోయింది అని చెప్పింది. అది అబద్ధమని నాకు తెలుసమ్మా. ఆ అక్క ఏడుస్తూ బట్టల మూట పట్టుకుని ఒక్కతీ వెళ్ళడం నేను చూశాను. నోరు మెదపలేదు."

"అతనేమన్నాడు?"

"నమ్మినట్టు లేడు. చీటీ ఒకటి రాసిచ్చాడు. వస్తే ఇందులో రాసిన ఊరికి రమ్మని చెప్పండి, అక్కడ పని దొరికింది, గది చూశాను అన్నాడు. పిన్ని ఆ చీటీ చింపలేదు. చనిపోయే ముందు నాకు చూపించింది, ఆ పిల్ల ఎక్కడుందో కనుక్కో అని. ఎక్కడని కనుక్కోను? మళ్ళీ పెట్టెలోనే పెట్టాను. అందులో ఊరి పేరు ఇప్పుడు గుర్తు లేదు."

నేను మూలకి చూశాను. పెట్టె లేదు.

"మొన్న గురువారం పాత కాగితాలవాడికి వేసేశాను," అంది. "నువ్వు చెప్పిన తర్వాత ఆ కాగితాలు చూస్తేనే భయమేసింది. దస్తావేజు ఒక్కటి ఉంచుకుని మిగతావన్నీ ఇచ్చేశాను, పీడ పోతుందని."

జులై 3

పాత కాగితాలవాడి షెడ్డు. నా కంటే ఎత్తున్న గుట్టలు. గురువారం కొన్నవి శనివారం లారీలో మిల్లుకి వెళ్ళిపోయాయట.

"కొంచెం మిగిలుంటాయేమో, వెతుక్కో అమ్మా," అన్నాడు జాలిగా. పొద్దు గూకే దాకా వెతికాను. పెట్టె దొరికింది, అందులో కాగితాలు లేవు, మేకులు పోసి ఉంచాడు.

జులై 4

మళ్ళీ వెళ్ళాను. నర్సమ్మ కూడా వచ్చింది. ఆవిడ తెల్ల బట్టల మీద మసి. ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని కాగితాలు తిప్పాం. ప్లీడరు కాలం నాటి కోర్టు కాగితాలు నాలుగు దొరికాయి. కలప కొలతల పుస్తకంలో సగం దొరికింది. చీటీ లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. ఆకులు కూడా లేవు.

జులై 5, శుక్రవారం

చెప్పేశాను. పొద్దున టీ ఇచ్చి, ఆయన తాగేదాకా ఆగి, చెప్పాను. నర్సమ్మతో నేనన్న మాట, ఉన్నదున్నట్టు. పరదాలతో సహా చెప్పాను, ఎందుకో. మామగారి సంగతి చివర చెప్పాను. చీటీ పోయిందని ఇంకా చివర.

ఆయన ఒక్కటే అడిగారు.

"వచ్చాడా?"

"వచ్చారట."

చాప తీసుకుని కొట్టులోకి వెళ్ళిపోయారు.

జులై 6

కొట్టులోనే. పెట్టింది తింటున్నారు. పళ్ళెం ఆయనే కడిగి పెడుతున్నారు. అది తిట్టినదానికంటే ఎక్కువ.

జులై 7

కొట్టులోనే.

వదిన వచ్చి సంగతి విని, మొదటిసారి ఏ హాస్యమూ ఆడలేదు. "నువ్వు కాళ్ళు పట్టుకున్నా తప్పు లేదు," అంది. పట్టుకుందామనుకున్నాను. ఆయన మిషను వెనక, గోడవైపు తిరిగి కూర్చుని ఉన్నారు. వీపుని ఏం బతిమాలను?

జులై 8

పిన్ని అనే ఆ మనిషి గురించే ఆలోచిస్తున్నాను. ఆమె మీద నాకు కోపం రావాలి. రావడం లేదు. వరండా దిగకుండా ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతు ఎలా ఉండి ఉంటుందో నాకు వినబడుతోంది. నా గొంతులాగే ఉంది.

జులై 10, బుధవారం

పొద్దున కొట్టు తెరవడానికి వెళితే, నా వైపు తిరగకుండానే అన్నారు:

"ఏ వేళప్పుడు వచ్చాడట?"

నాకు తెలియదు. తాళం చెవి అక్కడే పెట్టి గుర్రాల ఇంటికి వెళ్ళాను. తిరిగొచ్చి చెప్పాను. "మధ్యాహ్నమట. ఎండగా ఉందట."

తల ఊపారు.

జులై 11

"నడిచొచ్చాడా?"

వెళ్ళి అడిగొచ్చాను. సైకిలు మీద. వెనక చక్రంలో గాలి లేక నడిపించుకుని వచ్చాడట.

జులై 12

"నీళ్ళేమైనా ఇచ్చారా అతనికి?"

ఈసారి ఆవిడ గుమ్మంలోనే నా మొహం చూసి, నేనడిగేలోగానే అంది: "రోజుకొక ప్రశ్న మోసుకొస్తావెందుకమ్మా. ఆయన్నే తీసుకురా. నేను చూసిందంతా చెప్తాను. ఆ రోజే చెప్పాల్సింది నేను."

వచ్చి చెప్పాను. ఆయన కుట్టుమిషను చక్రం ఒకసారి తిప్పి ఆపారు.

"నువ్వూ రావాలి," అన్నారు.

"నేనెందుకు?"

"ఒక్కణ్ణీ వినలేను."

జులై 14, ఆదివారం

వెళ్ళాం. ఏ చొక్కా వేసుకున్నారో చూడలేదు. గుండీలు తప్పుగా పెట్టుకున్నారని దారిలో గమనించాను. ఆపి సరిచేయబోతే చెయ్యి తోసెయ్యలేదు. ఊరికే నిలబడ్డారు. అంతకంటే ఏమీ లేదు. క్షమించారని రాసుకోను, ఆయన ఆ మాట అనలేదు.

నర్సమ్మ మమ్మల్ని గేటు దగ్గరే ఆపింది. "ఇక్కడే నిలబడ్డాడు," అని, సరిగ్గా చోటు చూపించింది. ఆయన వెళ్ళి అక్కడ నిలబడ్డారు, ఎవరూ చెప్పకుండానే, వరండావైపు మొహం పెట్టి. ఆవిడ వరండా మెట్టు మీద కూర్చుంది, ఎనిమిదేళ్ళప్పుడు కూర్చున్నచోటే అంది. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు ఈయన్ని చూసింది. తర్వాత కళ్ళద్దాలు తీసేసి చూసింది.

"అవును," అంది. "ఒంటికాలి మీద బరువు వేసి, ఇలాగే."

ఆయన ఆవిడ వైపు చూసిన చూపు ఒకటి ఉంది. ముప్పై రెండేళ్ళలో అలాంటి చూపు నాకు రాలేదు. ఇక రాదు కూడా. ఆయనకి తండ్రిని ఇవ్వగలిగిన మనిషి ఆవిడ. నేను కాను. గుండెలో కలుక్కుమంది, కాదని రాసుకుంటే ఈ పుస్తకం దండగ. ఆ చూపుకి అడ్డం వెళ్ళకుండా, పక్కకి జరిగి గోడ నీడన కూర్చున్నాను.

ఆవిడ మొదలుపెట్టింది. అతని చొక్కా రంగు, అతను మొదట అన్న మాట, ఆ తర్వాత అడిగినది, వెళ్ళబోతూ వెనక్కి తిరిగి ఇంకోసారి అడిగినది. ఆయన నోటుబుక్కు తీశారు. నా వైపు చాచారు. పుస్తకం తీసుకుని ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాశాను, తొమ్మిది పేజీలు.

అవి ఇక్కడ ఎక్కించను. అవి ఆయనవి.